ప్రార్థన విన్నపాల్లో మావారి పేరు

మావారి ఉద్యోగం బంతిని తన్నడం. నవ్వేవాళ్లు ముందే నవ్వేసుకోండి, నేను ఆగుతాను.

గుంటూరులో సంబంధం మాట్లాడినప్పుడు "అబ్బాయి స్పోర్ట్స్ లైన్‌లో ఉన్నాడు, స్థిరమైన ఉద్యోగం" అన్నారు. స్థిరమట, స్థిరం! 1981లో పెళ్లయి షికాగోలో దిగాక గానీ ఆ లైనేమిటో నాకు తెలియలేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మిగతావాళ్లంతా గంటల తరబడి దున్నపోతుల్లా ఒకరినొకరు కుమ్ముకుంటారు. మావారు ఒక పక్కన నిలబడి, కాలు బిగుసుకుపోకుండా ఒక వలలోకి బంతి తన్నుకుంటూ ఉంటారు. ఎత్తైన రెండు స్తంభాల మధ్య నుంచి బంతిని పంపాల్సి వచ్చినప్పుడు ఆయన్ని పిలుస్తారు. వెళ్తే, ఆయన పనే అది కదా అంటారు. తప్పితే ఊరంతా దుమ్మెత్తి పోస్తుంది. ఆయన్ని చిన్నప్పుడే మామయ్యగారు ఇక్కడికి తీసుకొచ్చారు. స్కూల్లో సాకర్ ఆడుతుంటే ఆ పక్కవాటుగా తన్నే తీరు చూసి ఒక కోచ్ లాక్కుపోయాడు. కాలేజీ అయ్యాక కొన్ని టీములు రమ్మన్నాయి, చూశాయి, పొమ్మన్నాయి. పక్క రాష్ట్రం టీమ్ ఒకటి చివరికి ఉంచుకుంది. సీజన్‌లో ఆయన అక్కడ, నేను షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా అపార్ట్‌మెంట్‌లో.

అసలు చిక్కు తన్నడం కాదు, ఆదివారం. ఆటలు ఆదివారమే. మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన కూడా ఆదివారం మధ్యాహ్నమే. తెల్లవాళ్ల చర్చి బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్నాం, పొద్దున వాళ్లది అయ్యాక మాకిస్తారు. మామయ్యగారు, అంటే డాక్టర్ దైవాశీర్వాదం గారు, ఆ సంఘానికి పెద్ద. ప్రభువు దినాన కారులో పెట్రోలు కూడా పోయించని మనిషి. కొడుకు ఆట ఒక్కటంటే ఒక్కటి చూడలేదు, టీవీలో కూడా. పోనీ తిడతారా అంటే అదీ లేదు. తిట్టినా బావుండేది. ప్రతి వారం ప్రార్థన విన్నపాల వేళ లేచి, "మా సుందర్ రాజ్ తన ఆదివారాలను ప్రభువుకు తిరిగి ఇచ్చేలా ప్రార్థించండి" అని కూర్చునేవారు. కిడ్నీలో రాళ్లున్న జగదీష్ అంకుల్‌కి తర్వాత, మోకాలి ఆపరేషన్ రాధారాణి ఆంటీకి ముందు, గుండ్రాయిలాంటి మావారు! నేను తల వంచుకుని నా చెప్పులు చూసుకునేదాన్ని. సిగ్గుతో చెవులు కాలిపోయేవి.

1984 డిసెంబరులో, సీజన్ చివరి ఆట. అప్పటికే ఆయనవి కొన్ని వరసగా తప్పాయి. ఇంకొకటి తప్పితే ఇంటికే అని కోచ్ ముఖం మీదే చెప్పాడట. నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

ఆ ఆదివారం మామయ్యగారు ఆరాధనకి రాలేదు. నాకు తెలిసి అదే మొదటిసారి. "జ్వరం" అంది అత్తయ్యగారు జ్ఞానమ్మ, నా వైపు చూడకుండా. మిరియాల చారు కాచి తెస్తానంటే "వద్దొద్దు, పడుకున్నారు" అని గబగబా అనేసింది.

వాక్య ప్రసంగం సగంలో ఉండగా జగదీష్ అంకుల్ బయటికెళ్లారు. కిడ్నీల పేరు చెప్పి ఆయన కారు రేడియోలో ఆట వినొస్తారని అందరికీ తెలుసు. తిరిగి వచ్చి ఎవరి చెవిలోనో ఏదో ఊదారు. అది వరస వెంట వరస పాకి నా దాకా వచ్చేలోపే తలలన్నీ నా వైపు తిరిగాయి. తర్వాత భోజనాల దగ్గర ఒక్కరూ ఆట మాట ఎత్తలేదు. రాధారాణి ఆంటీ మాత్రం అడక్కుండానే నా ప్లేట్‌లో రెండు ముక్కలు ఎక్కువ వేసింది, చావింట్లో వడ్డించినట్టు. భూమి చీలితే బావుండునని నిజంగానే అనుకున్నాను.

మంగళవారం టీమ్ వాళ్లు ఆయన్ని పిలిచి పంపేశారు. కారులో సామానేసుకుని వచ్చి సోఫాలో కూర్చున్నారు. టీవీ పెట్టనివ్వలేదు, ఫోన్ ఎత్తనివ్వలేదు. పాలకని స్టోర్‌కి వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. కౌంటర్‌లో వాడు గుర్తుపట్టాడట.

"ఏమన్నాడండీ?"

"ఏమీ అనలేదు, వసంతా. జాలిగా చూశాడు."

బూట్లు విప్పుకుంటూ, "డాడీ చూడలేదు. దట్స్ ది ఓన్లీ గుడ్ థింగ్" అన్నారు.

ఆదివారం వచ్చింది. ఇక ఆదివారాలన్నీ ఖాళీయే కదా! నేను రమ్మనలేదు, ఆయనే టై కట్టుకుని బయల్దేరారు. బేస్‌మెంట్ మెట్లు దిగుతుంటే ఆయన చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. ఎప్పుడూ పలకరించనివాళ్లు కూడా వచ్చి వందనాలు చెప్పారు. మేము వెనక వరసలో కూర్చున్నాం. మామయ్యగారు ముందు వరసలో, వెనక్కి తిరగలేదు.

విన్నపాలకి ముందు పాస్టర్ సామ్యూల్ గారు నవ్వు ముఖంతో లేచారు. "ప్రియులారా, ఇన్నేళ్ల మన ప్రార్థనకి జవాబొచ్చింది! సుందర్ రాజ్ ఆదివారాలు ప్రభువు మనకి తిరిగి ఇచ్చాడు. బాబూ, ఒకసారి లేచి నిలబడమ్మా."

చప్పట్లు కొట్టారండీ! మనిషి కూడు పోయినందుకు చప్పట్లు! మావారు లేచి నిలబడ్డారు. ఆ మెడ ఎర్రబడటం నేను చూశాను. నా ఒళ్లు మండిపోయింది, కానీ సంఘంలో నోరు ఎలా తెరవను?

అప్పుడు మామయ్యగారు లేచారు.

"ఆపండి" అన్నారు. చప్పట్లు ఆగిపోయాయి. "పోయిన ఆదివారం నాకు జ్వరం రాలేదు. జ్ఞానమ్మ చేత అబద్ధం ఆడించాను. నేను ఆటకి వెళ్లాను."

అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాడి ఉద్యోగం ఆ రోజుతో తేలిపోతుందని తెలిసింది. ఉండలేకపోయాను. ఆరాధన మాని, మంచులో డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. వాడు చివరికి బంతి దగ్గరికి వస్తుంటే దేవుణ్ణి అడిగాను. ప్రభువా, ఇన్నేళ్లు అడిగింది వదిలెయ్, ఈ ఒక్కటి వెళ్లనియ్ అని." వెనక్కి, కొడుకు వైపు తిరిగారు. "నేను ఆయన దినాన్ని మీరాను. అందుకే వాడి కాలు తప్పింది. శిక్ష నాది, పడింది వాడి మీద. సిగ్గుగా ఉంది. నా కొడుకు నన్ను క్షమించాలి."

రోగుల నాడి చూసి బతికిన పెద్ద డాక్టరు, అంత మంది ముందు చిన్నపిల్లాడిలా నిలబడ్డారు. మావారి ముఖంలో రక్తం లేదు. చూడలేదనుకున్న ఒక్క మనిషీ చూశాడు.

మావారు తల అడ్డంగా ఊపారు. "నో, డాడీ. నేను తల ఎత్తాను."

"ఏంటి?"

"కాలు తగిలేదాకా బాల్‌నే చూడాలి. నేను ముందే తల ఎత్తి పోస్ట్‌లు చూశాను. హై స్కూల్ పిల్లలు చేసే మిస్టేక్. భయపడ్డాను, డాడీ. గాడ్ చేయలేదు. మీరు చేయలేదు. నేనే చేశాను."

వారం రోజుల్లో ఎవరి దగ్గరా అనని మాట అది. నా దగ్గర కూడా అనలేదు. అంత మంది తెలిసినవాళ్ల మధ్య, కళ్లు దించకుండా అన్నారు.

మామయ్యగారు నెమ్మదిగా వెనక వరస దాకా నడిచి వచ్చారు. "అదే ఆటలో అంతకుముందు రెండు వెళ్లాయి గదరా" అన్నారు. "ఎంత దూరం నుంచి కొట్టావు! పక్కనున్న తెల్లాయనకి నా కొడుకేనని చెప్పాను."

ఆ రెంటి గురించి వారమంతా ఒక్క మనిషి అనలేదు. రేడియో అనలేదు, పేపరు అనలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నేనూ అడగలేదు. మావారు తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చేశారు.

పాస్టర్ గారికి ఏం చెయ్యాలో తోచలేదు పాపం. దగ్గి, "విన్నపాలు ఏమైనా..." అన్నారు.

"నాదొకటి ఉంది" అన్నారు మామయ్యగారు, కొడుకు చెయ్యి వదలకుండా. "మా సుందర్ రాజ్‌కి ఇంకో టీమ్ దొరికేలా ప్రార్థించండి."

ఒక్కరు ఆమెన్ అంటే ఒట్టు. ముందు వరస నుంచి అత్తయ్యగారు తిరిగి నా వైపు చూసింది.

"ఆమెన్" అన్నాను నేను, పై అంతస్తుకి వినబడేలా.