ఆకుపచ్చ చొక్కా మీద నా ఏడుపు

నేను ఒక నీడిల్ హోల్డర్‌ని. ఆపరేషన్ చేసే డాక్టర్లు వంకర సూదిని నా ముక్కుతో పట్టుకుని కుట్లు వేస్తారు. చూడ్డానికి కత్తెరలా ఉంటాను గానీ ఏనాడూ దేన్నీ కోసిన పాపాన పోలేదు. జలంధర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. ఒక ముసలి ప్రొఫెసర్ దగ్గర కొన్నాళ్ళు పనిచేశాక, ఆయన నన్ను తన శిష్యుడు బందెల దైవసహాయం చేతిలో పెట్టి, "చేతులు బాగున్నాయి, పాడుచేసుకోకు" అన్నాడు.

నాకు అసూయ జాస్తి. ముందే ఒప్పుకుంటున్నాను. నా అసూయంతా ఒక చొక్కా మీద.

దైవసహాయం గారు సైన్యంలో అయిదేళ్ళు డాక్టరుగా చేసి, పై చదువు చదివి, ఒంగోలు ఆసుపత్రిలో సర్జన్‌గా చేరారు. సైన్యం ఆయన్ని పూర్తిగా వదల్లేదు. పేరు రిజర్వు జాబితాలో ఉండిపోయింది. ఆకుపచ్చ యూనిఫారం ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. దాన్ని ఏటా బయటికి తీసి తనే ఉతుక్కుంటారనీ, భార్య విమలమ్మ గారిని ఇస్త్రీపెట్టె కూడా తాకనివ్వరనీ సిస్టర్ కరుణమ్మ ఒకరోజు థియేటర్‌లో నవ్వుతూ చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. నన్ను ఆయన ఒక్కసారైనా కడిగారా? పని కాగానే బేసిన్‌లో ఠంగుమని పడేసేవారు. కడగడం, ఉడకబెట్టడం, తుడవడం, అన్నీ కరుణమ్మే.

డెబ్భై ఒకటి డిసెంబరులో, యుద్ధం మొదలవగానే, సైన్యం నుంచి టెలిగ్రాం వచ్చింది. అప్పుడు ఆయన ఒక చేపలమ్మే ఆమె పొట్ట కుడుతున్నారు. చివరి ముడి వేశాకే కాగితం చదివారు. "అక్కడ వాళ్ళ సామాను వాళ్ళకుంటుంది. ఇది నేనొచ్చేదాకా జాగ్రత్త" అని నన్ను కరుణమ్మకిచ్చి వెళ్ళిపోయారు. ట్రంకుపెట్టెలోని చొక్కా మాత్రం ఆయన ఒంటిమీదే వెళ్ళింది.

నాలుగు నెలలకు తిరిగొచ్చారు. మొదటి ఆపరేషన్‌లో నన్ను అందుకుని, రెండు క్షణాలు చూసి, పక్కన పెట్టేశారు. కుట్లు జూనియర్ చేత వేయించారు. మర్నాడూ అంతే. నెలంతా అంతే. అక్కడ నాకంటే మంచివి దొరికి ఉంటాయి, వాటికి అలవాటు పడ్డారనుకున్నాను. లోకంలో ఉన్న మిలటరీ నీడిల్ హోల్డర్లన్నిటినీ తిట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం తాటిచెట్టు మీంచి పడ్డ మనిషిని తెచ్చారు. మొలలోని కల్లుగీత కత్తి పొట్టలో దిగింది. జూనియర్ సెలవులో ఉన్నాడు. డాక్టరు గారు పొట్ట తెరిచి, తెగిన పేగు బయటికి తీసి, అక్కడ ఆగిపోయారు. కరుణమ్మ నన్ను ఆయన అరచేతిలో పెట్టి, తన చెయ్యి వెంటనే తియ్యలేదు.

"మీరు కుట్టకపోతే ఈ మనిషి బతకడు సార్. నాకు కుట్టడం రాదు."

ఆయన కుట్టారు. ప్రతి కుట్టుకీ నా నడుం విరిగేంత గట్టిగా పట్టుకున్నారు. తర్వాత ఇరవయ్యొక్క ఏళ్ళు, రిటైరయ్యేదాకా, నన్ను వదల్లేదు.

రిటైరయ్యాక ఇంటికి తీసుకెళ్ళారు. హాల్లో అద్దాల బీరువాలో చొక్కా, పతకాలు. నేను వంటింటి సొరుగులో. విమలమ్మ గారు నాతో పైజామాలకు నాడాలు ఎక్కించేవారు. వచ్చినవాళ్ళందరూ బీరువా ముందు నిలబడి యుద్ధం గురించి అడిగేవారు. నా గురించి అడిగినవాళ్ళు లేరు. మనుషులకు చంపే చోటి బట్టలంటేనే ముచ్చట.

ఎనభై ఒకటో ఏట ఆయన పోయారు. నెలకు చర్చి హాల్లో సంస్మరణ సభ పెట్టారు. బల్ల మీద ఫొటో, పక్కన చొక్కా. ముసలిదైపోయిన కరుణమ్మ విమలమ్మ గారినడిగి నన్నూ తెచ్చి ఆ పక్కనే పెట్టింది. మాట్లాడినవాళ్ళందరూ మేజర్ గారన్నారు, దేశసేవ అన్నారు. నేను లోపల కుతకుత ఉడికిపోతున్నాను.

చివర్న గిద్దలూరు నుంచి వచ్చిన షేక్ కాశింవలి అనే మాజీ సైనికుడు లేచాడు. ఆ యుద్ధంలో డాక్టరు గారు బతికించిన మనిషట. ఆనాడు గుడారంలో రెండు స్ట్రెచర్లు, ఒక్క సర్జను. ముందొచ్చినవాడు రామ్‌సరన్ అనే బీహారు జవాను.

"రామ్‌సరన్‌ని చూసి, ఇతను అరగంట ఆగగలడు అన్నారు డాక్టరు గారు. నన్ను తీసుకున్నారు. నన్ను కుట్టి వెనక్కి తిరిగేసరికి అతను పోయినాడు" అన్నాడు.

తర్వాత డాక్టరు గారు కాశింవలికి ఏటా ఉత్తరం రాసేవారట. సూది పట్టుకుంటే వెనక ఎవరో ఎదురుచూస్తున్నట్టు ఉంటుందని ఒక ఉత్తరంలో రాశారట. రామ్‌సరన్ వాళ్ళను వెతికిపెట్టమని ప్రతి ఉత్తరంలోనూ అడిగారట. చివరికి అతని భార్య దొరికింది. కాశింవలి రాసిన ఉత్తరానికి ఆమె జవాబు వచ్చేసరికి డాక్టరు గారు పోయి పన్నెండు రోజులు.

కాశింవలి జేబులోంచి ఆ జవాబు తీసి విమలమ్మ గారి వైపు తిరిగాడు. "ఆమె ఒక్కటే అడిగిందమ్మా. ప్రాణం పోయేటప్పుడు తన భర్త పక్కన ఎవరైనా ఉన్నారా అని. నేను మత్తులో ఉంటిని. ఏం రాయాలో తెలీక మీ దగ్గరకొచ్చినా."

విమలమ్మ గారు కూర్చున్నచోటి నుంచే అన్నారు.

"డాక్టరు గారు పక్కనే ఉన్నారని రాయండి."

కాశింవలి తలూపి, అక్కడే, బల్ల మీద నన్నూ చొక్కానూ కాస్త జరిపి, ఒక తెల్లకాగితం పరుచుకుని రాయడం మొదలుపెట్టాడు.

ఆమె చెప్పింది అబద్ధం కాదు. అన్నేళ్ళూ నేను ఆయన చేతిలో ఉన్నాను, ఆయన మాత్రం ఆ గుడారంలో రామ్‌సరన్ పక్కనే ఉన్నారు. చొక్కా మీద నా ఏడుపు ఆ క్షణంతో ఆరిపోయింది. ఆ బీహారు మనిషి మీద మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇప్పటికీ ఉంది.