లాగితే ఊడిపోవాలి

నర్సు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆమె గుర్తింపు కార్డు రెండుసార్లు బస్సులో ఊడి పడింది. మెడ వెనక తాడు కొసల్ని కలిపే ప్లాస్టిక్ క్లిప్పు వదులు. "అంత చదువు చదివి సంపాదించుకున్న కార్డు, ఎవరి కాళ్ళ కిందో నలగాలా?" అంటూ వాళ్ళమ్మ ఆ క్లిప్పు మీదుగా జీన్సు ప్యాంట్లకు వాడే దారంతో గట్టిగా కుట్టేసింది. అమ్మ దర్జీ. ఆ ఇంట్లో అలాంటి కార్డు మెడలో వేసుకున్న మొదటి మనిషి కూతురే.

మానసిక రోగుల వార్డులో చేరినరోజే పెద్ద సిస్టర్ ఆమెకు జాగ్రత్తలన్నీ చెప్పింది. జుట్టు ముడి వేసుకో, గొలుసు తీసెయ్, ఎవరికీ వీపు చూపించకు, మంచం మీదికి వంగకు. కార్డు తాడు సంగతి మాత్రం ఎత్తలేదు. ఎవరైనా లాగితే అది దానంతటదే ఊడేలా చేసిందే కదా.

కిటికీ పక్క మంచం మేస్త్రిది. అతను కట్టిన గోడ కూలి సొంత తమ్ముడు దాని కింద పోయాడు. అప్పట్నుంచి ఏ గోడను చూసినా వంగుతున్నట్టే ఉంటుంది. పడుతోంది, పడుతోంది అని చెవిలో ఎవరో అరుస్తుంటారు. ఒకరోజు కంచం ముట్టకుండా గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడి ఏడుస్తుంటే నర్సు మనసు ఆగలేదు. "గుండు వేసి చూశాను మేస్త్రిగారూ, నిటారుగానే ఉంది. తినండి" అంది. గోడ నిలువు చూడడానికి దారానికి కట్టి వేలాడదీసే ఇనుప గుండు అది. అతను కంచం ఖాళీ చేశాడు. ఆమెకు సంతోషమేసింది.

మర్నాడు పొద్దున మాత్రలు తీసుకెళ్ళింది. మేస్త్రి మంచం మీద కూర్చుని గోడనే చూస్తున్నాడు.

"నిన్న గుండు వేశానన్నావుగా. అదెక్కడిది?"

"ముందు మాత్రలు వేసుకోండి" అంటూ ఆమె వంగింది. మెడలోని కార్డు తాడు చివర అటూ ఇటూ ఊగింది. అతని కళ్ళు దానితోపాటే ఊగాయి.

"నాదే!" అన్నాడు.

తాడు అతని పిడికిలికి రెండు చుట్లు తిరిగింది. ఆమె నుదురు మంచం ఇనుప పట్టీకి కొట్టుకుని చర్మం చిట్లింది. "దొంగదానా! నా గుండు నువ్వు దాచావు, వాడు చచ్చాడు!" అతని మోకాలు ఆమె రొమ్ము మీద పడింది. ఆమె రెండు చేతులూ మెడ వెనక్కి పోయాయి. క్లిప్పు దొరికింది. లాగింది. ఊడలేదు. మళ్ళీ లాగింది. గోళ్ళు విరిగాయి కానీ అమ్మ కుట్టు విడలేదు.

వార్డు సహాయకుడు పరిగెత్తుకొచ్చాడు. బక్కపలచని మనిషి, అందుకే అందరూ పహిల్వాన్ అంటారు. "వదులన్నా! చచ్చిపోతుందన్నా!" అంటూ మేస్త్రి చేతికి వేలాడాడు. మోచేత్తో ఒక్కటిచ్చాడు మేస్త్రి. ముక్కు ఎముక పుటుక్కుమంది. రక్తం దుప్పటి మీద చిమ్మింది. ప్రమాదపు గంట మోగుతోంది. కాళ్ళ కింద మాత్రలు పొడి అవుతున్నాయి. ఆమె నాలుక బయటికొచ్చింది. సున్నం తిన్న మచ్చలున్న అతని బొటనవేలొక్కటే కనబడుతోంది, తర్వాత అదీ మసకేసింది.

పెద్ద సిస్టర్ కట్లు కత్తిరించే మొండి కత్తెర తాడుకీ చర్మానికీ మధ్య దూర్చింది. కాస్త చర్మమూ తెగింది. తాడూ తెగింది.

నలుగురు కలిసి అతన్ని అదిమిపట్టి ఇంజెక్షన్ ఇచ్చారు, మణికట్లకు పట్టీలు బిగించారు. "పక్కకి రారా తమ్ముడూ, పడుతోంది!" అని గొంతు పోయేదాకా అరిచాడు.

పహిల్వాన్ ముక్కులో దూది పెట్టుకుని అడిగాడు. "వంకరపోయిందా సిస్టర్?"

"ఇంతకుముందు తిన్నగా ఏడ్చిందా?" అంది పెద్ద సిస్టర్. తర్వాత తెగిన తాడు చేతిలోకి తీసుకుంది. "ఎవరు కుట్టారిది?"

"మా అమ్మ."

పెద్ద సిస్టర్ తాడు పక్కన పెట్టింది. "అతను గుండు గుండు అంటున్నాడేంటి?"

నర్సు చెప్పింది.

"అబద్ధంతో తినిపించావు. అతను నమ్మాడు. నమ్మినవాడు అడగడా మరి? ఇంటికెళ్ళమ్మా. వేరే వార్డు కావాలంటే చెప్పు, మాట్లాడతా. తప్పేం లేదు."

"పట్టీలు కట్టినవాళ్ళ దగ్గర ఒకరుండాలి కదండీ."

"నువ్వే ఉండాలని లేదు."

"నేను చెప్పాల్సింది ఒకటుంది" అంది నర్సు. మింగుతుంటే గొంతు మండుతోంది.

మేస్త్రి మంచం దగ్గరికి వెళ్ళింది. పట్టీ కింద వేలు దూరుతోందో లేదో చూసింది. అతని చేతులు చల్లబడలేదు, రక్తం ఆడుతోంది. నీళ్ళ కప్పు దూరంగా నిలబడే అతని నోటికి అందించింది.

"గోడ?" అన్నాడు మేస్త్రి.

"నాకు వంగినట్టు కనిపించట్లేదు మేస్త్రిగారూ. కానీ గుండు వేసి చూడలేదు. నిన్న అబద్ధం చెప్పాను. మీకు భయంగా ఉందని మాత్రం తెలుస్తోంది."

అతను ఒక గుక్క తీసుకుని ఆ నీళ్ళు ఆమె ముఖాన ఉమ్మాడు. తుడుచుకుని మళ్ళీ కప్పు పెట్టింది. ఈసారి తాగాడు.

ఇంట్లో ఆ మెడ చూసి అమ్మ కుట్టుమిషన్ ముందునుంచి లేచి వచ్చింది. "వాడి చేతులు పడిపోను! రేపట్నుంచి వెళ్ళకు. చదువూ వద్దు, ఉద్యోగమూ వద్దు."

"వెళ్తానమ్మా."

అమ్మ చాలాసేపు తిట్టింది, ఏడ్చింది. కూతురు సంచిలోంచి కొత్త తాడు తీస్తే దారపు ఉండ అందుకుని చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు. దీనికీ ఓ కుట్టు వేస్తాను."

"వద్దమ్మా. ఇది లాగితే ఊడిపోవాలి."

అమ్మ క్లిప్పు పట్టుకుని లాగింది. టప్పున ఊడింది. కూతురి మెడ మీది గీత వైపు చూసింది. దారపు ఉండ చేతిలోంచి జారి దొర్లుకుంటూ మిషన్ కిందికి పోయింది. దాన్ని తియ్యలేదు. క్లిప్పు మళ్ళీ పెట్టింది, మళ్ళీ లాగింది.