ఈ రోజు రాలేను

తెల్లారి ఐదున్నరకి నన్నే సాహెబ్ ట్రక్కు ఆటో పాలకేంద్రం ముందు ఆగేది. మిరపకోత ముఠా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, అన్నం క్యారేజీలు కాళ్ళ దగ్గరికి నెట్టుకుని, చీరల మీద మగవాళ్ళ పాత చొక్కాలు తొడుక్కుంటూ ఎక్కేవాళ్ళు. మేస్త్రి రాజేశ్వరి ఒక్కొక్కరి భుజం తడుతూ లెక్కపెట్టేది. పదకొండు అయ్యాక, వెనక చెక్క మీద మిగిలిన జానెడు జాగాని కూడా ఒకసారి తట్టి, "పన్నెండు. పోనీ సాయిబూ" అనేది.

ఆ జాగా సుబ్బరావమ్మది. ఆవిడ పోయి ఏడాది దాటింది. కిందటి మార్చిలో, దర్శి అవతల అంకమ్మరావు మిరప చేలో, సగం సాలు కోసి, ఎండదెబ్బకి అక్కడికక్కడే ఒరిగిపోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు ముఠా మళ్ళీ చేలో దిగింది. ఎవరి సాలు వాళ్ళు పట్టుకున్నారు. చివరిది ఎప్పుడూ సుబ్బరావమ్మది కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. మధ్యాహ్నం అన్నాలకి లేచేసరికి ఆ సాలు కోసేసి ఉంది. కొమ్మ విరగలేదు, ఒక్క పచ్చికాయ కలవలేదు. గట్టు మీద గోతం నిండా పండుకాయ.

"సుబ్బరావమ్మక్క కోత ఎప్పుడూ శుభ్రం," అంది నస్రత్, మజ్జిగ చెంబు అందుకుంటూ. అంకమ్మరావు ఆ గోతాన్ని కూడా మిగతావాటితో పాటే కల్లానికి తోలించాడు.

సుబ్బరావమ్మకి ఒక్కతే కూతురు, శిల్ప. ఒంగోల్లో ఇంజినీరింగ్ చదివి, విజయవాడలో ఒక చిన్న కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేస్తోంది. ఫోన్లో ఏ తెర మీద ఏం కనపడాలి, మీట ఎక్కడ ఉండాలి, దాని మీద ఏ మాట రాయాలి, అదీ ఆమె పని. కొన్నాళ్ళుగా "పదండి" అనే యాప్ గీస్తోంది. పదిమంది కలిసి ఎక్కడికన్నా వెళ్ళాలంటే రోజు కుదుర్చుకోవడం, బండి మాట్లాడుకోవడం, సీట్లు పంచుకోవడం అన్నీ అందులోనే. గీసింది మనుషుల చేత వాడించి చూడమన్నాడు మేనేజరు శ్రీకృష్ణ. ఆఫీసులో మిగతావాళ్ళు తమ స్నేహితుల మీద ప్రయోగం చేశారు. ఒకరి గుంపు గోవాకి, ఒకరిది అరకుకి. శిల్పకి అలాంటి స్నేహితులు లేరు. ఆమెకి తెలిసిన గుంపు ఒకటే. ఏడాదికి నూట యాభై రోజులు ఒకే బండిలో కలిసి ప్రయాణం చేసేవాళ్ళని ఈ దేశంలో ఎవరూ పర్యాటకులు అనరు, అంతే తేడా.

సాయంత్రం పని అవగానే శిల్ప స్కూటీ మీద చేలోకి వెళ్ళేది. ముఠా గోతాలు కుట్టుకునే వేళకి చివరి సాలు కొసన గట్టు మీద కూర్చునేది. మొక్క తర్వాత మొక్క కదిలేది. తొడిమ తెగిన చిన్న చప్పుడు, మళ్ళీ చప్పుడు. పావుగంట విని, ముఖం కడుక్కున్న మనిషిలా లేచి ఇంటికి వచ్చేది.

ముఠా వాళ్ళకి చీరాల వెళ్ళి సముద్రం చూడాలని ఆరేళ్ళుగా ఉంది. శిల్ప అందరి ఫోన్లలోనూ యాప్ వేసింది. సొంత ఫోను లేనివాళ్ళకి మొగుళ్ళ ఫోన్లలో వేసింది. రాజేశ్వరి పేరు మీద నాలుగు ఆదివారాలు పంపి, ఏ రోజు కుదురుతుందో నొక్కమంది. పక్కనే రెండు మీటలు: వస్తాను, రాను. పదకొండు మందీ నాలుగు ఆదివారాలకీ "వస్తాను" నొక్కారు. శ్రీకృష్ణ మురిసిపోయి, గోవా వాళ్ళకి కూడా ఇంత ఐకమత్యం లేదన్నాడు.

ఆదివారం వ్యాను వచ్చింది. ముగ్గురు వచ్చారు.

శిల్ప ఇల్లిల్లూ తిరిగింది. ఒకామెకి ఆడపడుచు ఇంట్లో పుట్టువెంట్రుకలు, నెల ముందే తెలుసు. ఒకామెని మొగుడు కదలనివ్వలేదు, ఎప్పుడూ కదలనివ్వడు. రెబ్కా నడుం నొప్పితో మంచం మీద ఉంది.

"మరి వస్తానని ఎందుకు నొక్కావు రెబ్కక్కా?"

"రాజేశ్వరక్క అడిగిందిగా. ఆమె మొహం మీద రానని ఎట్టా నొక్కుతా?"

"అది ఆమె మొహం కాదు, ఫోను."

"ఫోన్లో నా పేరు పడుద్దిగా," అంది రెబ్కా, ఇంత చదువు చదివిన పిల్లకి ఇది కూడా తెలియదా అన్నట్టు.

శిల్ప ఆ మాట మోసుకుంటూ ఇంటికొచ్చింది. ముఠాలో ఒకరు రానంటే వాళ్ళ సాలు మిగతావాళ్ళ నెత్తిన పడుతుంది. అందుకే ఎవరూ అనరు. పురిటికి పదిరోజుల ముందు దాకా అనరు, జ్వరంలో అనరు. రాను అనే మీట ఎంత పెద్దది గీస్తే మాత్రం ఏం లాభం? దాని మీద వేలు పెట్టే హక్కు ఎవరికి ఉందని?

రెండు రోజులు కూర్చుని మీట మార్చింది. "ఈ రోజు రాలేను" అని రాసింది. నొక్కితే పేరు పడదు, కారణం అడగదు. అందరికీ కనపడే అంకెలో ఒకటి తగ్గుతుంది, అంతే. నొక్కిన వాళ్ళ ఫోన్లో మాత్రం "సరే. విశ్రాంతి తీసుకోండి" అని వస్తుంది. ఎవరు రావట్లేదో తెలియకుండా ట్రిప్పు ఎలా నడుస్తుందని శ్రీకృష్ణ ఫోన్లో వాదించాడు. ఎవరన్నది తెలుస్తుందన్న భయమే కదా ఇన్నాళ్ళూ జబ్బు మనుషుల్ని బండెక్కించిందని శిల్ప వాదించింది. నలభై నిమిషాల తర్వాత, సరే మీ ముఠా వరకూ ఉంచుకోమన్నాడు.

రాజేశ్వరికి అది నచ్చింది. సముద్రం సంగతి తర్వాత, ముందు పొద్దున్నే ఆటోకి వాడదామంది. నాలుగున్నరకి అందరి ఫోన్లూ మోగేవి: ఈ రోజు వస్తున్నారా? మూడు వారాల పాటు అందరూ వచ్చారు. కొత్త మీట మీద ఒక్క వేలూ పడలేదు.

ఒక సాయంత్రం రాజేశ్వరి శిల్ప ఇంటికి వచ్చింది. వేళ్ళు మండుతున్నాయని గిన్నెలో మజ్జిగ పోయించుకుని, చేతులు అందులో ముంచి గడప మీద కూర్చుంది.

"ఫోన్లో పదకొండే చూపిస్తందే. మీ అమ్మని చేర్చలేదేం?"

"అమ్మ ఫోను పాతది పెద్దమ్మా."

"అబద్ధాలు నా దగ్గర ఆడమాకు."

రాజేశ్వరి మజ్జిగలో వేళ్ళు కదుపుతూ, గిన్నెలోకే చూస్తూ చెప్పింది. "ఆ రోజు ఆటోలో మీ అమ్మ ఒళ్ళు నాకు ఆనింది. కాలిపోతోంది. నేనేం అనలా. ఆమె ఏం అనలా. ఇద్దరిలో ఒకరం నోరు తెరిస్తే బతికుండేది. పన్నెండు అని లెక్కపెట్టి పోనీమన్నా. ఇప్పటికీ రోజూ అదే లెక్క పెడతన్నా." చేతులు బయటికి తీసి అంది, "ఆమెకీ ఆ మీట ఇవ్వు."

"ఇస్తే నొక్కుద్ది పెద్దమ్మా."

"నొక్కనీ."

శిల్ప తల అడ్డంగా ఊపింది. రాజేశ్వరి చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులు శిల్ప ఆ ఊసు ఎత్తలేదు. చేలోకి మాత్రం ఇంకాస్త ముందే వెళ్ళడం మొదలుపెట్టింది. ఏప్రిల్ వచ్చింది. వడగాడ్పులు, బయటికి రావద్దని ప్రభుత్వం వాళ్ళ మెసేజీలు అందరి ఫోన్లలోనూ పడుతున్నాయి. ముఠా మాత్రం చేలోనే ఉంది, చివరి కోత మరి. తొమ్మిదో రోజు మూడింటికే గట్టు మీదికి చేరిన శిల్పకి తల మీద చున్నీ కూడా పెనంలా కాలింది. చివరి సాలులో మొక్కలు కదులుతున్నాయి, కానీ నెమ్మదిగా. ఒక మొక్క దగ్గర కదలిక ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. నడుం పట్టుకుని నిలబడ్డ మనిషి ఉన్నంత సేపు. మళ్ళీ తొడిమ తెగిన చప్పుడు.

ఏడాదిగా ఆ చప్పుడు వినడానికే వచ్చింది శిల్ప. అది పని అని ఆమెకి ఆ రోజే తట్టింది. అంకమ్మరావుని తిట్టుకుంది, ముఠాల పద్ధతిని తిట్టుకుంది, లోకాన్నంతా తిట్టుకుంది. చచ్చిపోయిన మనిషి ఎండలో పనిచేస్తుంటే పక్కన కూర్చుని విని ఓదార్పు పొందుతున్నది మాత్రం అంకమ్మరావు కాదు.

ఇంటికి వచ్చి అలమరలో నుంచి అమ్మ ఫోను తీసింది. గాజు పగిలిన ఫోను. ఏడాదిగా చార్జింగ్ పెడుతూ, రీచార్జి చేయిస్తూ ఉంచింది. యాప్ వేసింది. పేరు రాసింది. సభ్యురాలిగా చేర్చాలా అని అడిగితే, తను గీసిన తెర వంకే చాలాసేపు చూసి, అవును అని నొక్కింది. ఫోనుని కిటికీలో పెట్టి పడుకుంది.

నాలుగున్నరకి ఫోను మోగింది. శిల్ప పొయ్యి దగ్గర టీ పెడుతోంది. తల తిప్పి చూసేసరికి కిటికీలో వెలుగు. దగ్గర ఎవరూ లేరు. తెర మీద తను రాసిన మాటే ఉంది: సరే. విశ్రాంతి తీసుకోండి.

టీ పొంగిపోయింది. తుడవడానికి కూడా ఆమె కదల్లేదు.

ఇంకా చీకటిగా ఉండగానే పాలకేంద్రం ముందుకు చేరిన రాజేశ్వరి ఫోనులో పన్నెండు పదకొండయింది. ఆవిడ చూస్తుండగానే పది అయింది. తర్వాత తొమ్మిది, ఎనిమిది. ఎవరో ఒకరు ముందు నొక్కాలని ఇన్నాళ్ళూ అందరూ ఎదురుచూసినట్టుంది. రాజేశ్వరి అంకమ్మరావుకి ఫోన్ చేసి ఈ రోజు ముఠా రాదని చెప్పింది. వేరే ముఠాని పిలుచుకుంటానని అతను అరిచాడు. పిలుచుకోమంది.

సుబ్బరావమ్మ తర్వాత నొక్కింది నస్రత్ అని, ఆమే చెబితే, మధ్యాహ్నం తెలిసింది. ఆమెకి మూడో నెల. రెండు రోజులుగా కళ్ళు బైర్లు కమ్ముతున్నా ఎవరికీ చెప్పలేదు. అత్త దర్శి ఆసుపత్రికి తీసుకెళితే సెలైను పెట్టి, ఈ రోజు కూడా ఎండలోకి వెళ్ళి ఉంటే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కేవాళ్ళు కాదన్నారట. అది చెప్పడానికి రాజేశ్వరి వచ్చింది. శిల్ప ముఖం చూసి, చెప్పి, కూర్చోకుండానే వెళ్ళిపోయింది.

సాయంత్రం శిల్ప చేలోకి వెళ్ళింది. చివరి సాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రగా ఉంది. పొద్దుగుంకేదాకా కూర్చుంది. గాలి వీచినప్పుడు అన్ని సాళ్ళూ ఒకేలా కదిలాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడు, వేరే ముఠా దొరక్కపోవడంతో, వీళ్ళే వచ్చి నస్రత్ సాలుతో కలిపి పదకొండు సాళ్ళు కోశారు, పన్నెండోది ఎవరు కోస్తారని అంకమ్మరావు అడిగితే గోతాలు కుట్టుకుంటూ ఉండిపోయారు. కాయలు మొక్కల మీదే ముడతలు పడ్డాయి.

అమ్మ ఇప్పుడు ఎక్కడుందో ఊహించడానికి శిల్ప ప్రయత్నించింది. పొద్దెక్కేదాకా పడుకుందేమో. తలంటుకుని ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటోందేమో. ఎవరింటికన్నా వెళ్ళి కబుర్లు చెబుతోందేమో. ఏదీ సరిగ్గా కుదరలేదు, ఏ బొమ్మలోనూ అమ్మ ముఖం ఇమడలేదు. మిరప లేని రోజుల్లో పత్తి, పత్తి లేకపోతే పొగాకు, అదీ లేకపోతే ఇల్లు. శిల్పకి ఇరవై నాలుగేళ్ళు. సెలవు రోజున అమ్మ ఏం చేస్తుందో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.