ఎండలో పెట్టిన రెండు ముక్కలు

ఒత్తులు తప్పితే మీరే సరిదిద్దుకుని చదవండి. మా ఆయన పోయాకే అక్షరాలు దిద్దుకున్నాను. ఒక్కో వాక్యానికీ కలం ఆపి ఊపిరి తీసుకుంటాను కాబట్టి కథది నత్తనడకే.

మా ఇంటి వెనక తలుపు దాటగానే మూడు మెట్లు, ఆపైన బురద. అక్కడ పలకలతో అరుగు వేయించాలని కూతురు పట్టుబట్టింది. అల్లుడు ఒక కాంట్రాక్టరును తీసుకొచ్చాడు. చిత్రిక పట్టినట్టు నున్నగా మాట్లాడే మనిషి. మా ఆయన వడ్రంగి. నున్నటి చెక్కను ముందు తిరగేసి చూడమనేవారు.

కాంట్రాక్టరు బల్ల మీద రెండు ముక్కలు పెట్టాడు. ఒకటి చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన కాంపోజిట్ పలక. రెండోది అసలు చెక్క. అంచు పగిలి, నడుమ పురుగు తొలిచిన బెజ్జాలతో ఉంది.

"చూశారుగా పెద్దమ్మగారూ, చెక్కంటే ఇంతే. పగుళ్లు, పురుగులు, ఏటేటా నూనె పట్టించడం. ఇదైతే నీళ్లు కొట్టి తుడిస్తే చాలు."

"తన పిల్లని చూపించడానికి పక్కింటి పిల్లకి మసి పూసినట్టుంది," అన్నాను.

అల్లుడు నవ్వాడు. కూతురు నవ్వలేదు. నాలో పురుగు తొలవడం అప్పుడే మొదలైంది. రెండూ అమ్ముతానన్నవాడు ఒకటి మాత్రం ఇలాంటిది ఎందుకు తెస్తాడు? అల్లుడూ ఇతనూ కూడబలుక్కున్నారా?

నా చూపు అర్థమైందేమో, "నాకేమైనా కమీషన్ ముడుతుందనుకుంటున్నారా అత్తయ్యా?" అన్నాడు అల్లుడు.

"నేనేమన్నాను నాయనా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమెందుకు?"

వాళ్లిద్దరూ వెళ్లాక ఆ ముక్కల్ని మెట్ల మీద ఎండలో పెట్టాను. మధ్యాహ్నం చెప్పులు విప్పి ఒక్కోదాని మీదా నిలబడ్డాను. కాంపోజిట్ పెనంలా చురుక్కుమంది. చెక్క మీద, ఎంత పుచ్చుదైనా, కాలు నిలిచింది. ఆ పుచ్చు ఎంత లోతుందోనని తిరగేశాను. అడుగున నీలం పెన్సిలుతో చిన్న సున్నా, దానికి అడ్డంగా గీత.

ఆ గుర్తు మా ఆయనది. పనికిరాని ముక్క పొరపాటున కూడా పనిలోకి పోకుండా అడుగున అలా గీసి, పొయ్యిలోకని పెట్టెలో పడేసేవారు. ఆ పెట్టె ఇప్పుడు నా మంచం కింద ఉంది. లాగి చూస్తే మూత మీది దుమ్ములో కొత్తగా వేళ్ల గుర్తులు కనిపించాయి.

కూతురు వంటగదిలో గిన్నెలు కడుగుతోంది. ముక్కని తీసుకెళ్లి గట్టు మీద పెట్టాను.

"ఆ కాంట్రాక్టరు మీ నాన్న పెట్టెలోకి ఎలా దూరాడే?"

దాని చెయ్యి ఆగింది. గుర్తు వైపు చూసింది. "కోతకి గీసుకున్నారనుకున్నా."

"కోతకి కాదు, పొయ్యిలోకి."

"నేనే ఇచ్చానమ్మా. మంచి ముక్క చూపిస్తే నువ్వు చెక్కే అంటావు. ఏడాది తిరిగేసరికి నూనె డబ్బా పట్టుకుని మోకాళ్ల మీద పాకుతావు. మొన్న తలుపులకి నూనె రాసి, లేవలేక, మేం వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నావు. గాలికి కూర్చున్నానని నాతో అబద్ధం కూడా ఆడావు. పక్కింటావిడ చెప్తే తెలిసింది."

అది నిజమే. అందుకే అడ్డం తిరిగాను. "చేతికి పనేమీ మిగల్చకపోతే, ఇంక నన్ను కూడా నీళ్లు కొట్టి తుడవండి."

అది తడిచేతులతోనే కుర్చీ లాక్కుని కూర్చుంది. కొంగుతో కళ్లు తుడుచుకుందో, మొహమే తుడుచుకుందో కనిపెట్టలేకపోయాను.

"పోనీ చెక్కే వేయిద్దాం. నూనె మేం రాస్తాం. నువ్వు కుర్చీలో కూర్చుని తిట్టు."

"మీ ఆయన రాస్తాడా?"

"రాయకపోతే ఇంకా తిట్టు."

"పలకలు మాత్రం నేనే ఏరతాను," అన్నాను. ఒప్పుకుంది. అంత తొందరగా ఒప్పుకోవడం కూడా నాకు అనుమానంగానే అనిపించింది.

లారీ వచ్చిన రోజు గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాను. ప్రతి పలకనీ తిప్పించి, కొస చూసి, గట్టి చేవ లేనిదాన్ని వెనక్కి పంపించాను. కాంట్రాక్టరు చెమట తుడుచుకున్నాడు.

"ఇంకా నమ్మకం కుదరలేదా పెద్దమ్మగారూ?"

"నీ మీద నమ్మకమేనయ్యా," అన్నాను. "రెండోవైపు తిప్పు."

నన్ను వడ్రంగమ్మ అంటారు. అరవై తొమ్మిది నిండాయి. ఉండేది కూతురింట్లో, వెనక గదిలో.