విషయసూచికలో ఖాళీ

ఆ వదినామరదళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. పత్రిక వదినది. పేజీలు పెట్టేది మరదలు, అంటే ఆవిడ తమ్ముడి భార్య. ఇద్దరి బల్లల మధ్య అద్దం తలుపొకటి ఉంది. అది తెరుచుకున్నప్పుడల్లా మరదలికి ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు తలుపు తెరుచుకునేసరికి మరదలు విషయసూచిక పేజీ ముందు కూర్చుని ఉంది. పత్రికలో ముందు కనబడేది ఆ పేజీ, అన్నిటికన్నా చివర తయారయ్యేదీ అదే. మిగతా పేజీలు తేలేదాకా అంకెల చోట సున్నాలు పెట్టుకుని కూర్చోవాలి. ఎడమ పక్క సన్నటి వరుసలో ప్రతి నెలా వచ్చే శీర్షికలు, చిన్న అక్షరాల్లో. కుడి పక్క పెద్ద ఫోటో. పైన ముఖచిత్ర కథనం పేరు లావుగా, కింద ఊరించే వాక్యాలు, ఆ కింద రాసినవాళ్ళ పేరు.

ఈసారి ముఖచిత్ర కథనం కుళాయిల్లో వచ్చే తుప్పునీళ్ళ మీద. రాసింది మరదలే. పేటలన్నీ తిరిగి, గడప గడపా తొక్కి, తిట్లు కూడా తిని రాసింది. అందుకే తన పేరు పెట్టుకుంది.

వదిన కంప్యూటర్ తెర మీదికి వంగింది. "ఈ పేరేంటి?"

"నాదే, వదినా."

"నాకూ కళ్ళున్నాయి. తీసెయ్. ఆఫీసు మనుషుల పేర్లు సూచికలో వెయ్యం. ఆ ఫోటో కూడా తీసి మీ అన్నయ్యగారి కవితకి వేసిన బొమ్మ పెట్టు, కింద ఆయన పేరుతో."

అన్నయ్యగారంటే వదిన మొగుడు. మరదలికి నషాళానికి అంటింది. "మరి ఆయన పేరెలా వేస్తున్నారు? ఆయన మనవాళ్ళు కారా?"

"ఆయనిక్కడ జీతం తీసుకోడు. నియమం జీతగాళ్ళకి. ఇంకోసారి చెప్పాలా?"

మూల బల్ల దగ్గర ప్రూఫులు దిద్దే పెద్దాయన తలెత్తలేదు. ఆయన వినాలనే ఆవిడ గొంతు పెంచింది. పెళ్ళయిన కొత్తలో వంటింట్లో మొదలైన గొంతు అది, ఇక్కడిదాకా వెంట వచ్చింది. మరదలికి ఆ గొంతంటే అసహ్యం. పేజీలంటే ఇష్టం కాబట్టి ఇన్నాళ్ళూ పళ్ళబిగువున భరించింది.

పేరు చెరిపేసింది. దాని చోట ఖాళీ మిగిలింది. అది చూస్తుంటే ఏడుపొచ్చింది, ఏడుపు వెనకే కోపం వచ్చింది. ఒక కాగితం లాగి రెండు ముక్కలు గీకి, సంతకం చేసి వదినకిచ్చింది.

"ఏంటిది?"

"రాజీనామా. ఈ నిమిషం నుంచి నాకిక్కడ జీతం లేదు."

వదిన నవ్వబోయి ఆగింది. "బుద్ధుందా నీకు? తమ్ముడికి తెలుసా?"

"మీరే చెప్పండి. పెద్దాయనగారూ, నియమం ఎవరికన్నారు?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "జీతగాళ్ళకేనన్నారమ్మా. నేనూ విన్నాను."

వదిన ముఖం మాడిపోయింది. కథనమే ఎత్తేద్దామంటే, కుళాయి బొమ్మతో అట్ట అప్పుడే అచ్చయి కూర్చుంది. మింగలేకా కక్కలేకా నిలబడిపోయింది. మరదలు తన పేరు మళ్ళీ కొట్టింది, ఈసారి ఒక్కో అక్షరం నిదానంగా. తర్వాత సంచి భుజాన వేసుకుంది.

"మరి పేజీ అంకెలు?" అంది వదిన. గొంతు మొదటిసారి తగ్గింది. తెర మీద ప్రతి పేరు పక్కనా ఇంకా సున్నాలే ఉన్నాయి.

"అవి ఆఫీసు మనుషుల పని, వదినా."

వదిన తెరిచి వదిలేసిన అద్దం తలుపు ఆమే మూసి, బయటికి వెళ్ళింది. తన బల్ల వైపు మాత్రం తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని ఆమెకు తెలుసు.