వీపు మీది బంతి

నేను ఒక టెన్నిస్ బంతిని. టెన్నిస్ ఎలా ఉంటుందో మాత్రం ఎరగను. రెండు రబ్బరు చిప్పలు అతికించి, పైన పచ్చని నూగుబట్ట తొడిగి నన్ను పంపిస్తే, విజయనగరంలో బస్సు డ్రైవర్ల వీధి క్రికెట్‌కి చేరాను. ఒక ఆదివారం ఎవరో గట్టిగా బాదితే పైడమ్మ డాబా మీద ఆరబెట్టిన వడియాల్లో పడ్డాను. "బంతి కావాలంటే వడియాలు మళ్లీ పెట్టిచ్చి తీసుకెళ్లండి!" అని పైనుంచి కేకేసింది. ఎవరూ రాలేదు. ఆ ఇంట్లోనే ఉండిపోయాను.

ఆమె మొగుడు గౌరినాయుడు రాత్రి సర్వీసు నడిపి, పగలు పడుకునేవాడు. వెల్లకిలా పడుకుని గురక పెడితే గూట్లో గ్లాసులు వణికేవి. అతని తల్లి సింహాద్రమ్మకి ఆ గురక వింటే కడుపు నిండేది. "ఉష్! బిడ్డ ఒళ్లెరక్కుండా తొంగున్నాడు" అని మిక్సీ కూడా ఆపించేది.

అంత బాగా నిద్రపోయేవాడు స్టీరింగు ముందు ఎందుకు తూగుతాడని పైడమ్మకి అనుమానం. ఒక తెల్లవారుజామున బస్సు కల్వర్టు గోడని రాసుకుపోయిందని కండక్టరు చెప్పాడు. ఆ రోజే మొగుణ్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి గొంతు ఇరుకవుతుందట. ఆ సందులోంచి గాలి దూరేటప్పుడు మెత్తని కండ అదిరే చప్పుడే గురకట. పక్కకి తిరిగి పడుకోమంది, బరువు తగ్గమంది, పడుకునే ముందు పెగ్గు మానమంది. నిద్రలో ఊపిరి ఆగుతోందేమో పరీక్ష చేయించమంది. అది తేలేదాకా బస్సెక్కొద్దంది.

నాయుడు సెలవు పెట్టాడు గానీ పరీక్షకి ఒప్పుకోలేదు. "అందులో ఏదైనా తేలితే స్టీరింగు లాగేసుకుంటారే!"

పైడమ్మ వదిలే రకం కాదు. అతని బనియను వెనక జేబు కుట్టి, అందులో నన్ను పెట్టింది.

"ఇదేటే, ఈపు మీద గడ్డలాగ!"

"ఎల్లకిలా తిరిగితే గుచ్చుకుంటాది. పక్కకి తొంగో."

"నా కొడుకుని పండుకోనివ్వవేటే?" అంది సింహాద్రమ్మ.

"పండుకోడానికే అత్తా."

అతను వెల్లకిలా దొర్లినప్పుడల్లా నేను గుచ్చుకున్నాను. అతను తిట్టుకుంటూ పక్కకి తిరిగాడు. కొన్నాళ్లకి గురక సగానికి సగం తగ్గింది. గెలిచేశాననుకున్నాను.

గురక వినబడక సింహాద్రమ్మకి తోచలేదు. ఒక మధ్యాహ్నం కొడుకు మంచం పక్కన కూచుని చెవి ఒగ్గింది. చిన్న గురక. తర్వాత ఏమీ లేదు. ఛాతీ ఎగసిపడుతోంది, ఊపిరి మాత్రం రావడం లేదు. అంతలో నీళ్లలోంచి తేలినవాడిలా గుటకేసి గాలి పీల్చాడు.

"ఒలమ్మో, పైడీ! ఊపిరాగిపోయిందే! ఇన్నాళ్లూ ఆ గురక గోలలో నాకు తెలీనేదే!" కొడుకుని కుదిపి లేపింది. "లెగరా. పరీక్షకి పద."

"డ్యూటీ పోతాదమ్మా."

"పోనీ. నువ్వు నాకు కావాల. నీ బస్సెక్కినోళ్లు ఆళ్లమ్మలకి కావాల."

నాయుడు చొక్కా తొడుక్కున్నాడు. వెనక జేబులోంచి నన్ను తీయడం కూడా మరిచిపోయాడు.

పరీక్షలో నిద్రలో ఊపిరి ఆగుతోందనే తేలింది. ఇప్పుడు ముక్కుకి తొడుగు పెట్టుకుని, గాలి ఊదే మెషీనుతో పడుకుంటాడు. డాక్టరమ్మ సరేనని రాసిచ్చాకే మళ్లీ బస్సెక్కాడు.

నేను ఒక పక్క చదునైపోయాను. నేలకేసి కొట్టినా ఎగరను. ఆ బనియనుతోపాటే మేకుకి వేలాడుతున్నాను. సింహాద్రమ్మ కొడుకు పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, చప్పుడు లేని ఊపిరిని వింటూ ఉంటుంది. నేనూ వింటుంటాను.