హెడ్ విప్పిన రోజు

నా ఎడమచేతికి మూడు వేళ్లే ఉన్నాయి. పుంగనూరులో మదనపల్లె రోడ్డు పక్కన ముప్పై ఏళ్లుగా కారు షెడ్డు నడుపుతున్నవాణ్ణి కాబట్టి, చూసినవాళ్లు ఆ రెండూ ఫ్యాన్ బెల్టులో పడి పోయాయేమో అనుకుంటారు. నేను కాదనను. ఫ్యాన్ బెల్టు వచ్చి సాక్ష్యం చెప్పదు గదా.

నాకు కోపం ఎక్కువ. ఇంజన్‌ను సరిగ్గా చూసుకోనివాళ్ల మీద మరీ ఎక్కువ. పదివేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆయిల్‌ను పాతికవేలు తిప్పి తెచ్చి, ఇంత నల్లగా ఎందుకుందని నన్నే అడిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోసేవాళ్లను గేటు దగ్గరే నిలబెట్టి తిడతాను. మా బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది, ఇంజన్ లోపలా అదే కడుతుందని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఏదైనా నాకు కొలత ప్రకారం జరగాలి. స్పార్క్ ప్లగ్ సందు ఒక మిల్లీమీటరంటే ఒక మిల్లీమీటరే. బోల్టు ఎంత బిగువు బిగించాలని కంపెనీవాడు రాశాడో అంతే. మా ఆవిడ పద్మావతి, అన్నంలో ఉప్పు కూడా గేజ్ పెట్టి చూస్తానని ఎగతాళి చేస్తుంది.

సదుం దగ్గరి రైతు నాగరాజు కారు నా దగ్గరికి రెండుసార్లు వచ్చింది. పన్నెండు వందల సీసీ పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు, పాతదే గానీ మంచి ఇంజన్. మొదటిసారి వచ్చినప్పుడు సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తోంది. ఆయిల్ మూత తీస్తే లోపల మజ్జిగ రంగు నురగ. ఇంజన్ పైభాగాన ఉండే హెడ్‌కూ కింది బ్లాకుకూ నడుమ ఉండే గ్యాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్‌లో కలిశాయి. హెడ్‌ను మదనపల్లె లేత్‌కు పట్టుకుపోయి అడుగు చదును చేయించాను. కొత్త గ్యాస్కెట్ వేసి పది బోల్టులూ నడుమ నుంచి అంచులకు, మూడు విడతలుగా, బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించాను. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ నూట డెబ్బై అయిదుకు అటూ ఇటుగా వచ్చింది. స్టార్ట్ చేసి వదిలితే ఇంజన్ నడుస్తోందో లేదో చెవి పెడితే గానీ తెలియలేదు. ఆ పని మీద నాకు గర్వం ఉండేది, ఇప్పటికీ ఉంది.

రెండోసారి, మూడు వారాల తర్వాత, ఒక శుక్రవారం పొద్దున, ఆ కారును ట్రాక్టరు వెనక కట్టి లాక్కొచ్చారు. స్టీరింగ్ దగ్గర నాగరాజు తమ్ముడు లోకేష్ కూర్చున్నాడు. ట్రాక్టరు మీంచి నాగరాజు దూకాడు. వాడి గుండు చూశాకే, వాళ్లమ్మ ఆదెమ్మ సోమవారం చనిపోయిందని విన్న మాట నాకు గుర్తొచ్చింది. చేతిలో చింతకొమ్మలు కొట్టే మచ్చుకత్తి ఉంది.

నేను పరామర్శకు నోరు తెరిచేలోగానే కత్తి వెనకవైపుతో నా దవడ మీద కొట్టాడు. ఒక పన్ను కదిలింది. పానాలున్న ట్రేను తన్నాడు, బ్యాటరీ చార్జర్‌ను నేలకేసి కొట్టాడు, గోడకున్న అద్దం పగలగొట్టాడు. నేనూ పడివుండే రకం కాదు. చేతికందిన వీల్ పానాతో వాడి భుజం మీద ఒక్కటిచ్చాను. వాడు మోకాలు మీద కూలబడి, లేచి నా గొంతు పట్టుకుని గోడకు ఆనించాడు. కత్తి మొన చెవి కింద గుచ్చుకుంది. వెచ్చగా రక్తం కాలరులోకి దిగడం తెలిసింది.

"మా యమ్మను సంపినావు," అన్నాడు.

ఊపిరాడక కొట్టుకుంటుంటే మిగతాది వాడే చెప్పాడు. సోమవారం వాడు టమేటా లోడుతో మదనపల్లె మార్కెట్‌లో ఉన్నాడు. ఇంట్లో ఆదెమ్మకు గుండెనొప్పి వచ్చింది. మొదటి నుంచీ ఆమె గుండెకు చూపించుకునేది కుప్పం ఆసుపత్రిలోనే కాబట్టి లోకేష్ ఆమెను కార్లో వేసుకుని అటే బయలుదేరాడు. వి.కోట దాటినాక ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ కాగిపోయి తిరగకుండా పట్టేసింది. ఇంకో బండి దొరికేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆమె ఆ నలభై నిమిషాలు వెనకసీట్లో కొట్టుకుని అక్కడే పోయింది. మెకానిక్ గ్యాస్కెట్ సరిగ్గా వేసివుంటే అమ్మ బతికేదని నాగరాజు నిర్ణయించుకున్నాడు.

అంత బాధలో ఉన్నవాడి ముందు తగ్గి మాట్లాడాల్సింది. కానీ నా పనికి వంక పెట్టేసరికి నాకు ఆ చావు కంటే నా గ్యాస్కెటే ముఖ్యమైంది. ఇది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"నీ కండ్ల ముందరే ఇప్పుతా. నా పనిలో తప్పుంటే ఈ సెయ్యి నరుక్కో," అన్నాను.

వాడు గొంతు వదిలాడు. పందెం ఒప్పుకున్నట్టే. షట్టరు సగం దించి, కత్తి పట్టుకుని నా వెనకే నిలబడ్డాడు. లోకేష్ వాకిట్లోనే ఉండిపోయాడు. వచ్చినప్పటి నుంచి వాడు నా ముఖం చూడలేదు.

క్రాంక్‌కు పానా వేసి తిప్పి చూశాను, ఇంజన్ కదల్లేదు. ఒక్కో బోల్టు విప్పుతుంటే కత్తి చదును నా వీపుకు తగులుతోంది. ఒకసారి పానా జారితే, టైం గడుపుతున్నానని మెడ మీద గుద్దాడు. నా ముక్కు ఇంజన్‌కు కొట్టుకుంది. రక్తం తుడుచుకుంటూనే హెడ్ ఎత్తి పక్కన పెట్టాను.

గ్యాస్కెట్ కాలిపోయివుంది. రెండో సిలిండరుకూ మూడో సిలిండరుకూ నడుమ నల్లగా తెగిపోయింది. హెడ్ మీద స్టీలు స్కేలు ఆనిస్తే కింద సందులో వెలుతురు కనబడింది. అంటే హెడ్ వంగింది.

నాగరాజుకు ఇంజన్ పని తెలియకపోయినా కాలినది కాలినట్టు తెలుస్తుంది. నా చేయి పట్టి లాగి బెంచీ మీద పెట్టాడు. కత్తి లేచింది. ఇది రోగం కాదు, రోగం తర్వాత వచ్చేది అని అరిచాను. ఇంజన్ వేడెక్కితే హెడ్ వంగుతుంది, హెడ్ వంగితే గ్యాస్కెట్ కాలుతుంది, వేడి ఎందుకెక్కిందో చూడనీ అని బతిమాలాను. నా జన్మలో నేను బతిమాలింది అప్పుడే. వాడు కత్తి దించకుండానే చేయి వదిలాడు.

బ్లాకులో నీళ్లు తిరిగే దారుల్లోకి స్క్రూడ్రైవర్ దించాను. అడ్డం తగిలింది. గీకి పైకి తీస్తే మొనకు పచ్చటి బురద అంటుకుని వచ్చింది. రేడియేటర్ మూత తీశాను. లోపల సన్నగొట్టాల నోళ్లన్నీ అదే బురదతో పూడుకుపోయి, కాగి గట్టిపడ్డాయి. వేలితో తీసి వాసన చూడనక్కర్లేదు. పసుపు.

నా చేయి దక్కింది. మొదట కలిగింది ఆ సంతోషమే. ఎవరో రేడియేటర్ నిండా పసుపు పోశారు, నీళ్లు తిరగలేదు, ఇంజన్ కాగింది, నా గ్యాస్కెట్‌ది తప్పు కాదు. అదే మాట నాగరాజుకు చెప్పాను. చెబుతూ వాకిట్లో ఉన్న లోకేష్ వైపు చూశాను. అప్పుడు గుర్తొచ్చింది.

ఆదెమ్మ పోవడానికి రెండ్రోజుల ముందు, శనివారం, నేను ఒక వ్యాను కింద పడుకుని ఉన్నాను, గేర్ ఆయిల్ ముఖం మీద కారుతోంది. లోకేష్ ఫోన్ చేశాడు. రేడియేటర్ కింద చుక్క చుక్క కారుతోంది, ఏం చేయాలన్నాడు. గుండుసూది బెజ్జం లాంటి లీకుకు పాత లారీ డ్రైవర్లు పసుపు వేసి షెడ్డు దాకా నెట్టుకొచ్చేవాళ్లు. చిటికెడైతే బెజ్జం పూడుతుంది, ఎక్కువైతే రేడియేటరే పూడుతుంది. నాకు అది బాగా తెలుసు. "పసుపు ఎయ్యి పో, బుధవారం తీసకరా," అని విసుక్కున్నాను. వాడు ఇంకేదో అడగబోయాడు. నేను ఫోన్ కట్ చేశాను. ప్రతిదానికీ కొలత చెప్పే నేను ఆ ఒక్కదానికి కొలత చెప్పలేదు.

ఈలోగా నాగరాజు తమ్ముణ్ణి చొక్కా పట్టి లోపలికి ఈడ్చాడు. కడుపులో తన్నాడు. లోకేష్ టైర్ల మీద పడి వాంతి చేసుకున్నాడు. నాగరాజు వాడి మెడ మీద కాలు పెట్టాడు.

"ఎవురు పోసినారు రా పసుపు?"

లోకేష్ ఏడుస్తున్నాడు. ఫోన్ సంగతి వాడు చెప్పలేదు. చెబితే ఆ కాలు తన మెడ మీంచి లేచి నా మీదికి వస్తుంది, అయినా చెప్పలేదు. కత్తి వాడి చెవి పక్కకు వచ్చింది. నాకు భయం వేసింది. నేను నోరు మూసుకుంటే నా పది వేళ్లతో ఇంటికి పోతాను. వాడు మాత్రం పోడు.

"వాణ్ణి యాల కొడతావు? ఎయ్యమని సెప్పింది నేనే. ఫోన్‌లో సెప్పినా. ఎంత ఎయ్యాలనో సెప్పలే," అన్నాను.

నాగరాజు తమ్ముడి మెడ మీంచి కాలు తీశాడు. నా వైపు తిరిగాడు.

"పందెం నువ్వే ఏసినావు," అన్నాడు.

కుడిచేయి ఇస్తే అన్నం పుట్టదని ఎడమచేయి బ్లాకు మీద పెట్టాను. చివరి క్షణంలో వెనక్కి లాక్కున్నాను గానీ పూర్తిగా లాక్కోలేకపోయాను. చిటికెనవేలూ ఉంగరంవేలూ మూడో సిలిండరు పక్కన పడ్డాయి. నొప్పి వెంటనే తెలియలేదు. బ్లాకు మీద రక్తం పారి పిస్టన్ మీద నిలిచింది. దాన్నే చూస్తూ అరిచాను.

షెడ్డు వెనకే మా ఇల్లు. అరుపు విని పద్మావతి పరుగెత్తుకొచ్చింది. నా చేయి చూసి మళ్లీ ఇంట్లోకి పరుగెత్తి, వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చింది. తెగిన చోట పసుపు అదమడం మా ఇళ్లల్లో ఎవరూ నేర్పకుండానే చేసే పని. నా చేయి ఒళ్లో పెట్టుకుని గుప్పెడు పసుపు తీసి అదిమింది.

ఆ డబ్బా చూసి లోకేష్ లేచి కూర్చున్నాడు.

"నేను అరచెంచానే ఏసినాను నా," అన్నాడు వాళ్లన్నతో. "కారేది నిలవలే. అమ్మ సూసింది. ఇంట్లో డబ్బా అంతా తెచ్చి వొంపేసింది. వొద్దు మా అంటే ఇనలే."

"అమ్మ యాల పోస్తాది?" అన్నాడు నాగరాజు.

"ఇంగొకసారి నీళ్లు కారితే నా సెయ్యి ఇరిసేస్తానంటివి గదా, కారు బాగు సేయించి తెచ్చిన పొద్దు. అమ్మ ఆడనే ఉండింది. నీకు బయపడి పోసింది."

నాగరాజు చేతిలోంచి కత్తి జారింది. రేడియేటర్ దగ్గరికి పోయి, లోపల వేలు పెట్టి ఆ ఎండిన పసుపును కొంచెం గీకి అరచేతిలో పోసుకున్నాడు. మునివేళ్లతో నలిపాడు. తర్వాత అక్కడే నేల మీద, ఆయిల్ మరకల్లో కూర్చుని, పెద్దగా నోరు తెరిచి ఏడ్చాడు. అమ్మ పోయిన రోజు కూడా వాడు అట్లా ఏడవలేదని లోకేష్ తర్వాత చెప్పాడు.

పద్మావతికి ఈ మాటలేవీ ఎక్కలేదు. ఆమె చూపంతా నా చేతి మీదే ఉంది. పసుపు తడిసి ఎర్రగా అవుతోంది, ఆమె ఇంకా వేస్తోంది. రక్తం కొద్దికొద్దిగా తగ్గింది. డబ్బా వంచి లోపల చూసుకుని మా వైపు తలెత్తింది.

"సాలునా, ఇంగా ఎయ్యాల్నా?" అని అడిగింది.